సారీ డాక్టరుకు వినిపించని కట్

అమ్మానాన్నలు ఆయనకు పెట్టిన పేరు వీధిలో ఎవరికీ అక్కర్లేదు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి, కళ్ళజోడు తీసి, తల అడ్డంగా ఊపి "సారీ" అనే డాక్టరుగా నలభై సినిమాల్లో వేశాడు కనుక అందరికీ సారీ డాక్టరే. ఆయన చేతిలో బతికి బట్టకట్టిన రోగి ఒక్కడూ లేడు. మధ్యమధ్య జడ్జీ అయ్యాడు, రెండుసార్లు శవమూ అయ్యాడు. ముప్పై ఏళ్ళు అలా గడిచాక టీవీ సీరియల్లో మామగారి వేషం దొరికింది. నెలకు పదిహేను రోజుల పని. సరిగ్గా అప్పుడే కుడి చెవి పోయింది, ఏడాది తిరక్కుండా ఎడమదీ మొరాయించింది.

సీరియల్లో ఎవరూ మాటలు బట్టీ పట్టరు. కెమెరా పక్కన నిలబడి ప్రాంప్టరు గట్టిగా చదువుతాడు, విని అనెయ్యడమే. వినపడనివాడికి ఇక వేషమెక్కడిది? అందుకే ముందురోజు ఫోనుకొచ్చే పేజీలను భార్య పెద్దక్షరాలతో రాసిచ్చేది, ఆయన వల్లె వేసుకునేవాడు.

"చెవికి మిషను పెట్టించుకుంటే మీ సొమ్మేం పోయిందండీ?" అని అరిచేదావిడ.

"మెల్లిగా అనవే! మిషను కనపడిందంటే కథలో మామగారు కారు కింద పడతాడు. తాతగారి వేషం వేసినాయన అలాగే పోయాడు."

సెట్లో ఎవరి పెదవి కదిలినా తననే పిలిచారేమోనని ఉలిక్కిపడేవాడు.

ఒకరోజు సెట్లోనే పేజీ మార్చేశారు. ఆ సంగతి అందరికీ నోటితోనే చెప్పారు. ఈయన చిరునవ్వుతో కోడలి తల నిమిరి, "ఈ ఇల్లు నీదేనమ్మా" అన్నాడు. కోడలు వేషం అమ్మాయి చేతిలో సూట్‌కేసు, కళ్ళనిండా నీళ్ళు. కొత్త పేజీలో ఆమెను బయటికి గెంటాల్సింది ఆయనే!

మళ్ళీ తీశారు. మళ్ళీ అదే మాట. ప్రాంప్టరు నోరు చేపనోరులా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. డైరెక్టరు వెనకనుంచి వచ్చి "బాబాయ్!" అని మూడుసార్లు పిలిచాడట. ఆయన తిరగలేదు. సెట్టంతా నిశ్శబ్దమైంది. అది మాత్రం ఆయన అందరి మొహాల్లోనూ చూశాడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. ఎదురుగా డైరెక్టరు ఫోన్లో రచయితతో మాట్లాడుతున్నాడు. తన చావుబతుకులే తేలుతున్నాయని తెలుసు, ఏది ఖాయమైందో తెలియదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

చివరికి డైరెక్టరు కాగితం మీద రాసి చూపించాడు: "చావు లేదు. పక్షవాతం. మంచం, మూసిన కళ్ళు. మాటలుండవు."

బతికించినందుకు దణ్ణం పెట్టబోయి ఆగాడు. కళ్ళు మూసుకుంటే షాటు అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

కోడలు వేషం అమ్మాయి అది కనిపెట్టి, మొహంలో మొహం పెట్టి గట్టిగా, "కట్ చెప్పగానే నీ కాలి బొటనవేలు నొక్కుతా మామయ్యా. అప్పటిదాకా కదిలావో, నిన్ను నేనే చంపుతా!" అంది.

పడుకున్నాడు. కళ్ళు మూశాడు. రెప్పల మీద లైట్ల వేడి. ఎంతసేపైంది? అందరూ భోజనాలకు పోయారా? ఆ పిల్ల మరిచిపోయిందా? కళ్ళు తెరిస్తే, షాటు ఇంకా నడుస్తుంటే, ఈ మంచమూ దక్కదు. ఊపిరి బిగబట్టి, ప్రాణమంతా బొటనవేలిలో పెట్టుకుని, ఎదురుచూశాడు.