టమాట గింజలూ నా చావూ

మీరు ఇప్పుడు చదవబోయే ఘోర దుర్ఘటనలో పోయిన ప్రాణం ఒక్కటే. అది నాది. చెబుతున్నదీ నేనే కాబట్టి, కంగారు పడకుండా చదవండి.

అప్పటికి నాకు కొత్తగా నలభై దాటాయి. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక కూరగాయల విత్తనాల కంపెనీ ఆఫీసులో లెక్కలు చూసేవాణ్ణి. కాలేజీలో నేర్చిన లెక్కలు కావు. కిరాణా కొట్లో పొట్లాలు కడుతూ సొంతంగా పట్టుకున్నవి. మా విత్తనాలు కొనేవాళ్లు పెరట్లో రెండు మొక్కలు పెట్టుకునే బాపతు కాదు, నారు పెంచి రైతులకు అమ్మే నర్సరీల వాళ్లు. ట్రేలో ఒక్కో గుంతకు ఒక్కో గింజ వేస్తారు. ఒక గుంత ఖాళీగా మిగిలిందా, ఫోన్ చేసి నా వంశం మొత్తాన్ని పేరుపేరునా తలుచుకుంటారు. అందుకే మా దగ్గర గింజను కడిగి, ఆరబెట్టి, జల్లించి, తాలును గాలికి ఎగరగొట్టి, మొలక పరీక్ష చేసి, ఎర్రటి మందు పట్టించి, అప్పుడు గాని పొట్లంలో వేయరు. పెళ్లికూతురికి కూడా అంత ముస్తాబు ఉండదు.

ఈ ముస్తాబంతా ఊరి బయట షెడ్డులో జరుగుతుంది. అక్కడి వాళ్లు మధ్యాహ్నం గుండ్రంగా కూర్చుని, ఒకరి కూర ఒకరికి వేసుకుంటూ తింటారు. ఒకసారి సరుకు సరిచూడడానికి వెళ్తే, ఎవరో నా డబ్బాలో చింతచిగురు పప్పు వేశారు. పప్పు రుచి మర్చిపోయాను గాని, అడగకుండానే వేసిన ఆ చెయ్యి మాత్రం గుర్తుండిపోయింది. నాంపల్లిలో నేను గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. షెడ్డుకు మార్చమని మేనేజర్ రాజిరెడ్డి సార్‌ను అడిగితే, "గింజ పని నీకేమెరుకయ్యా?" అనేవాడు.

ఒక చలికాలం వరసగా మూడు సెలవులు వచ్చాయి. షెడ్డుకు తాళం వేసి అక్కడివాళ్లందరూ ఊళ్లకు బయల్దేరాక, కొత్త రకం టమాట పండ్లు రెండు పెట్టెలు ఆఫీసు గుమ్మంలో దిగాయి. ఒక నర్సరీ ఆయన ఆ విత్తనం కోసమే ట్రేలు నింపుకుని కూర్చున్నాడు.

"ఇవి సోమారం దాకా ఆగవు. ఊరికి పోనోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు సార్.

ఆఫీసంతా నా వైపు తిరిగింది. ఎక్కడికీ పోవాల్సిన పని లేనివాడిగా నాకు అంత పేరుంది.

"నేను చేస్త సార్. మంచిగ చేస్తే షెడ్డుకు పంపుతరా?"

"ముందుగాల చెయ్యి, చూద్దాం. పండ్లు పిసికి గుజ్జు బకెట్ల పులియబెట్టు. గింజ మీది జారుడు పొర ఊడంగనే కడిగి ఆరబెట్టు. పొద్దున, మాపున చెయ్యి పెట్టి చూడు. మహా అంటే రోజున్నర."

చెయ్యి పెట్టి చూడడమా! చెయ్యి ఏమన్నా కొలమానమా? లెక్క తెలిసినవాడు లెక్క వేస్తాడు గాని, బకెట్లో చేతులు పెడతాడా? అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో నా గది. అక్కడ పండ్లు పిసికాను. నగరంలో చలి ఎంత ఉందో ఫోన్‌లో చూశాను. చలికి పులియడం నెమ్మదిస్తుంది గనక రోజున్నరను రెండింతలు చేశాను. బకెట్లకు మూతలు బిగించి మంచం కిందికి తోశాను. ఆ చలికే పట్టిన జలుబు వల్ల నా ముక్కు కూడా సెలవులో ఉంది.

ఆదివారం పొద్దున ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి వెళ్లాను. కొనడానికి కాదు. అక్కడైతే పక్కన నిలబడ్డవాణ్ణి "ఇది మంచిగుంటదా అన్నా?" అని అడగొచ్చు.

మధ్యాహ్నం తిరిగొస్తే మా మేడ కింద గుంపు.

"ఏమైందమ్మా?" అని చివర నిలబడ్డ ఒకామెను అడిగాను.

"పై అంతస్తుల ఒకాయన పోయిండంట. ఒకటే వాసన. ఎప్పుడు పోయిండో ఏమో."

"అయ్యో! ఎవరాయన?"

"పేరు ఎవ్వరికెరుక లేదు. ఒక్కడే ఉంటడంట. మెట్లెక్కుకుంట తనలో తనే ఏందో లెక్కలేసుకుంటడంట."

లెక్కలంటే ప్రాణం పెట్టే ఒంటరివాడు ఇంకొకడు ఇన్నాళ్లూ ఇదే మేడలో ఉన్నాడా! ముందే తెలిస్తే సాయంత్రాలు ఇద్దరం కలిసి చాయ్ తాగేవాళ్లం కదా!

"పాపం, మంచోడే కావచ్చు," అన్నాను.

"మంచోడో చెడ్డోడో, మాట్లాడితే గదా ఎరుకయ్యేది," అందామె.

పైన ధడేల్‌మని తలుపు విరిగింది. తెలియని ఆ మిత్రుడి చివరిచూపు కోసం జనాన్ని తోసుకుంటూ మెట్లెక్కాను. గుమ్మంలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇంటి ఓనరు పుష్పమ్మ, పక్కన కింది బేకరీ సలీం భాయ్. లోపలికి పోయే ధైర్యం ఇద్దరికీ లేదు. విరిగిన తలుపు నాది.

"అమ్మా, ఇది నా గది గదా!"

పుష్పమ్మ కెవ్వుమంది. సలీం భాయ్ గుండె మీద చెయ్యి వేసుకుని, "సాబ్! మీరు జిందా ఉన్నరా!" అన్నాడు. తర్వాత ఏదో ఆలోచించి రెండడుగులు వెనక్కి వేశాడు. "మరి లోపల ఎవరు?"

మెట్ల మీది జనమంతా నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూశారు.

"లోపల... టమాటలు," అన్నాను.

బకెట్ లాగి మూత తీస్తే నురగ పాలపొంగులా నేల మీదికి దూకింది. గుజ్జు నిండా తెల్లటి దారాలు. ఏ గింజను చూసినా తోక మొలిచింది.

"గింత చలిల ఎట్ల మొలిచినయ్?" అన్నాను.

"చలి బయట ఉంది సాబ్. మీ గది కిందనే నా రొట్టెల భట్టీ. చలికాలం సందుల పిల్లులన్నీ మీ గుమ్మంలనే పండుకుంటయ్, ఎందుకనుకున్నరు?"

నా మీద ప్రేమతో అనుకున్నాను.

"గది కిరాయికిచ్చిన్నా, పొలం కౌలుకిచ్చిన్నా?" అని పుష్పమ్మ చీపురు నా చేతికిచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. టమాట పిసకనేల, మేడంతా కడగనేల!

సోమవారం రాజిరెడ్డి సార్ నన్ను పిలిచాడు. "మొలక ఎంత వచ్చింది?"

"నూటికి నూరు సార్."

"శబాష్!"

"బకెట్లనే వచ్చింది సార్."

నర్సరీ ఆయన విత్తనం ఇంకోచోట కొనుక్కున్నాడు. "షెడ్డు మాట ఇంకోపారి నా ముంగట ఎత్తకు," అన్నాడు సార్. ఎత్తలేదు.

ఆ సాయంత్రం పుష్పమ్మ దగ్గరుండి కొత్త గడియ వేయించింది. "నా కోసం తలుపు విరిచిన్రు, అదే పదివేలమ్మా," అన్నాను.

"వాసనొచ్చింది గాబట్టి ఎరుకైంది. లేకుంటె నువ్వున్నవో లేవో ఎవలికెరుక నాయినా?" అంటూ తన గదిలోకి పోయింది.

కాబట్టి మహాజనులారా, మీ అందరి ఎదుటా శపథం చేస్తున్నాను. నా గదిలో ఇక టమాట గింజ తీయను, గుజ్జు పులియబెట్టను, చారులోకి కూడా పండు పిసకను, కత్తితో కోసి వేస్తాను. ఇక పుష్పమ్మ మాటలో ఇంకో లెక్క దాగి ఉంది. వాసన రాకపోయి ఉంటే నా తలుపు ఎన్నాళ్లకు విరిచేవారు అని. అడిగినా అడగకపోయినా ప్రతిదానికీ లెక్క కట్టే నేను, ఆ ఒక్క లెక్కా ఈ జన్మలో వేయను. ఒట్టు.