అద్దాలకు ఆవిరి పట్టని మాస్కు

మా పిన్ని తాడేపల్లిగూడెంలో తలుపులు, కిటికీలు చేసేది. ఆ వడ్రంగం తాతయ్య దగ్గర నేర్చుకుంది. ఎవరైనా మానేయమంటే కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని పనిలో పడేది.

చెక్కపొడి ఊపిరితిత్తుల్లో చేరిందనీ, ఇక పని వద్దనీ డాక్టరుగారు చెప్పారు. పిన్ని వినలేదు. మాస్కు కట్టుకుంటే అద్దాలకు ఆవిరి పట్టి రంపం సరిగా కనబడక, ఓ రోజు వేలు తెగింది. కట్టుతోనే నన్ను వెంటబెట్టుకుని ఏలూరులో మాస్కులమ్మే కొట్టుకి వెళ్లింది.

“మీ ఆయనగారికాండీ?” అన్నాడు కొట్టాయన.

“నాకేనండీ. వడ్రంగం చేస్తాను.”

ఒక్కో మాస్కూ పెట్టుకుని గట్టిగా ఊదింది. మూడింటితోనూ అద్దాలు తెల్లబడ్డాయి.

“ఈ వయసులో ఆ పనెందుకండీ? మానేయొచ్చు కదా!”

“మీరెప్పుడు మూసేస్తున్నారండీ కొట్టు?”

ఆయన నాలుగోది తీశాడు. దానికి ముక్కు మీద వంగే తీగ, ముందు గాలి బయటికి పోయే చిన్న మూత ఉన్నాయి. తీగను ముక్కుకు నొక్కి ఊదింది. అద్దాలు తేటగానే ఉన్నాయి.

వారం తిరక్కుండా డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. పని మానేశారా అని ఆయన అడిగారు.

“మీ గది తలుపు నేలకి రాసుకుంటోందండీ,” అంది పిన్ని. “ఆదివారం వచ్చి చిత్రిక పడతాను.”