ముందు వరుస సీటుకు ఇద్దరం

ఆమధ్య దాదాపు ప్రతి సోమవారం తెల్లవారగానే నేనూ మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయనా పంజాగుట్టలో ఒకే క్యాబ్ ఎక్కి ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లం. ప్రాజెక్టు ముంబైలో. శుక్రవారం తిరిగి వచ్చేవాళ్లం. నాది విజయవాడ వైపు, ఇక్కడ మధురానగర్‌లో అద్దెకు ఉండేవాణ్ణి. ఆయన పుట్టి పెరిగింది బల్కంపేటలోనే. నన్ను తమ్మీ అనేవాడు.

ఆఫీసు కొనేది మామూలు టికెట్లే. ముందు వరుసల్లో సీటు మిగిలితే మాత్రం ఎయిర్‌లైన్ వాళ్లు తరచూ తిరిగేవాళ్లకు ఊరికే ఇస్తారు. మొదట, ఎక్కువ తిరిగినందుకు ఎయిర్‌లైన్ ఇచ్చే పెద్ద కార్డు ఉన్నవాళ్లకు, తర్వాత ఎక్కువ ధర పెట్టినవాళ్లకు. అక్కడా సమానమైతే ముందుగా అడిగినవాళ్లకు. మా ఇద్దరిదీ ఒకే కార్డు, ఒకే ధర. అందుకని ప్రయాణానికి రెండు రోజుల ముందు సీటు అడగడానికి యాప్ తెరుచుకోగానే ఎవరు ముందు నొక్కితే వాళ్లదే. ఈ పోటీ గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. క్యాబ్‌లో చెరో కిటికీ వైపు తిరిగి ఫోన్లు చూసుకునేవాళ్లం.

బోనాల ఆదివారం నన్ను భోజనానికి పిలిచాడు. సోమవారం సెలవు, ప్రయాణం మంగళవారం. అంటే యాప్ తెరుచుకునేది ఆ ఆదివారం ఉదయమే. వాళ్లావిడ తల మీద బోనంతో గుడి వరుసలో నిలబడింది. వెనక వేపకొమ్మలతో మేమిద్దరం. జనంలో ఫోన్లకు సిగ్నల్ లేదు. నా చెయ్యి జేబులోంచి బయటికి రావడం లేదు. ఆయన ఉన్నట్టుండి తన కొమ్మ నాకిచ్చి, "జర పట్టు తమ్మీ, గిప్పుడే వస్త" అని జనంలో కలిసిపోయాడు.

వరుస కదిలింది. బోనంతో తల తిప్పలేక ఆవిడ అడిగింది.

"ఏడికి పోయిండు తమ్మీ?"

"వస్తున్నారు వదినగారూ."

రాలేదు. ఆవిడ ఒక్కతే అమ్మవారికి బోనం సమర్పించింది. మేం బయటికొచ్చాక ఆయన ఎస్.ఆర్. నగర్ వైపు నుంచి చెమటతో తడిసిన చొక్కాతో పరుగెత్తుకొచ్చాడు. "అయిపోయింది తమ్మీ!" అని ఫోన్ చూపించాడు. ఆవిడ భోజనాల దగ్గర నాకు కొసరి కొసరి వడ్డించి, ఆయన ముందు కంచం పెట్టి లోపలికెళ్లిపోయింది. నాకు ఆవిడ మీద జాలేసింది. అంతకంటే ఎక్కువగా, ఆయన నాకంటే ముందు నొక్కేశాడే అని ఉక్రోషం వచ్చింది.

మంగళవారం ఎయిర్‌పోర్టులో ఒక్కటే సీటు మిగిలింది. ఆయనకే వస్తుందనుకున్నాం. ఆఖర్లో ఒకమ్మాయి హడావిడిగా వచ్చి ఆ సీటు తీసుకుంది.

"ఆవిడ కార్డు మీదానికన్నా పెద్దది సార్. ఎప్పుడు అడిగినా ముందు ఆవిడకే" అన్నాడు కౌంటర్‌లో ఉన్నతను.

వెనక సీట్లలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. "ఇంట్ల నాతోని మాట్లాడ్తలేదు తమ్మీ" అన్నాడు. దారి పొడుగునా కాలు ఆడిస్తూనే ఉన్నాడు. దిగగానే ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు. నా ఫోన్‌తో చేయించాడు.

"మంచిగ చేరిన్రా తమ్మీ? ముందట కూసున్నడా, ఎనకనా?"

"వెనకే, వదినగారూ."

ఆవిడ నవ్వింది. "మంచిగయ్యింది. ఏమన్న తిన్నడా మరి?"

ఆయన ఫోన్ లాక్కుని పక్కకు వెళ్లిపోయాడు. బతిమాలుతున్నట్టు చెయ్యి ఊపుతూ చాలాసేపు మాట్లాడాడు. రెండు బ్యాగులకూ కాపలాగా నిలబడ్డ నేను, శుక్రవారం తిరుగు ప్రయాణానికి యాప్ ఎప్పుడు తెరుచుకుంటుందో లెక్కేసుకుంటున్నాను. నా ఫోన్ ఇంకా ఆయన దగ్గరే ఉంది.