కుంటికాకి, మామగారి తద్దినం

ఆ రోజుల్లో ఇంట్లో మెతుకు పారేస్తే మహాపాపం, మిగిలింది తినమంటే అంతకన్నా పెద్ద శిక్ష. అందులోనూ చలికాలం. వేసవిలో చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఎగబడి తినే మహానుభావులే, పుష్యమాసపు పొగమంచులో అదే చద్దన్నాన్ని చూస్తే ముఖం తిప్పేసుకునేవారు. డెబ్బైల మొదట్లో నేను రేపల్లె నుంచి బాపట్లకు కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఈ చిక్కు తీర్చింది పెరటి గోడే. రాత్రి అన్నం, దిబ్బరొట్టె అంచులు, అడుగంటిన పొంగలి, అన్నీ తెల్లారగానే గోడమీద పెట్టేదాన్ని. పక్కన మట్టి మూకుడులో నీళ్ళు. (మూకుడు అత్తగారిది. అడిగే తీసుకున్నానని మాత్రం చెప్పలేను.) పిచ్చుకలూ గోరువంకలూ వచ్చేవి గానీ పెత్తనమంతా ఓ కుంటికాకిది. గట్టి రొట్టెముక్క దొరికితే అది అలాగే మింగేది కాదు. మూకుడులో ముంచి, నానబెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి మరీ తినేది. "చనువిస్తే చంకెక్కుతుంది అమ్మాయ్, దాన్ని మరీ మరిగిస్తున్నావు" అనేవారు అత్తగారు.

నేను కాపురానికి వచ్చిన తొలి చలికాలంలోనే మామగారు పోయారు. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. పడక్కుర్చీలో పుస్తకం చదువుకుంటూ ఉన్నవారు ఉన్నట్టుండి తల వాల్చేశారు. అత్తగారు మంచినీళ్ళు పట్టుకొచ్చేసరికి పెదవులు కదిలాయట, మాట మాత్రం బయటికి రాలేదు. "నాతో ఏదో చెప్పబోయారే" అని ఏడాది పొడుగునా ఆవిడ అదే తలుచుకుని కుమిలిపోయారు. తద్దినం నాడు కాకి పిండం ముట్టుకుంటే ఆయనకు ఏ కొరతా లేనట్టు, ముట్టుకోకపోతే ఆ మాట లోపలే ఉండిపోయినట్టు. ఆవిడ లెక్క అది. అందుకే ముందురోజే నాతో, "రేపు పిండం పెట్టేదాకా గోడమీద ఒక్క మెతుకు పడకూడదు" అని గట్టిగా చెప్పారు. నేను మెతుకు వేయలేదు. మూకుడు తీయాలని మాత్రం తోచలేదు.

తెనాలి నుంచి పొద్దున్నే రైల్లో మా పినమామగారు దిగారు. వస్తూనే వంటింటి గడప దగ్గర నిలబడి, "మన వంశంలో ఉల్లిపాయ కూడా ఈ గడప దాటలేదు" అని గుర్తుచేశారు. (తెనాలి హోటల్లో ఆయన ఉల్లి పెసరట్టు తింటారని ఊరందరికీ తెలుసు.) భోక్తలు తిని వెళ్ళారు. మా ఆయన పిండం తీసుకెళ్ళి గోడమీద పెట్టారు. కుంటికాకి వచ్చింది, వాలింది, పిండాన్ని ఓసారి చూసి ఎగిరిపోయింది. అందరి తలలూ నావైపు తిరిగాయి.

"రోజూ పొంగళ్ళు మేపితే దానికి పిండం ఎందుకు రుచిస్తుంది వదినా" అన్నారు పినమామగారు. అత్తగారు పెరటి ద్వారబంధం పట్టుకుని గోడవైపే చూస్తున్నారు. "ఏదైనా కోరిక మిగిలిందేమోనండి, చెప్పుకోండి" అన్నాడు పురోహితుడు. మా ఆయన చేతులు జోడించి, "నాన్నా, ఇంటికి వెల్ల వేయిస్తాను" అన్నారు. కాకి రాలేదు. పినమామగారు గొంతు తగ్గించి, "అన్నయ్యా, నీ పట్టుపంచె నా దగ్గరే ఉంది, ఇచ్చేస్తాను" అన్నారు. (అది పోయిందని మేం చాకలిని అనుమానించాం.) అయినా రాలేదు. ఎండ గోడ దిగిపోతోంది.

అప్పుడు వచ్చింది కుంటికాకి, ముక్కున ఏదో కరుచుకుని. నేరుగా మూకుడు దగ్గర వాలి, దాన్ని నీళ్ళలో ముంచింది. పైకి తీసి, తిప్పి, మళ్ళీ ముంచింది. వాసన మా దాకా వచ్చింది. "ఏంటది" అన్నారు పినమామగారు. అది ఎండుచేప. మా వెనక వీధిలోంచి చేపలబుట్టలు వెళ్తుంటాయి, ఏ బుట్టలోంచో లాక్కొచ్చింది. నానిన చేపను తెచ్చి సరిగ్గా పిండం పక్కన పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. పురోహితుడు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నేనైతే రేపల్లె బస్సు ఎన్నింటికో గుర్తు తెచ్చుకుంటున్నాను.

పినమామగారు కర్ర అందుకున్నారు. "ఆగవయ్యా, తిననీ" అన్నారు అత్తగారు.

ఆ గొంతులో ఏముందో గానీ ఆయన ఆగిపోయారు. అత్తగారు మెట్లు దిగి పెరట్లోకి వచ్చారు. "వీడు కడుపులో ఉండగా నేను పుట్టింటికెళ్ళాను. మీ అన్నయ్య సముద్రం పక్క అడవులదీవి బళ్ళో ఒక్కరే ఉన్నారు. గాలివాన కొట్టి దారులు మూసుకుపోయాయి. ఊళ్ళోవాళ్ళు తమకున్నదే ఈయనకీ పెట్టారు."

"నాన్న నీతో చెప్పారా అమ్మా?" అన్నారు మా ఆయన.

"చెప్పలేదు. ఆ తర్వాత వీధిలో చేపలబుట్ట వెళ్తుంటే పుస్తకంలో పేజీ తిప్పడం మర్చిపోయేవారు. అడిగితే పాపం అబద్ధమాడాలి. ఆ అలవాటు లేని మనిషి. అందుకని అడగలేదు."

ఆవిడ కొంగు భుజం చుట్టూ సర్దుకుని గోడవైపు తిరిగారు. "నాకు తెలుసండీ. ఎప్పట్నుంచో తెలుసు. ఆకలేస్తే ఏం చేస్తారు. నేనేం అనుకోలేదు. ఇక అన్నం తినండి" అన్నారు, మామగారికి రోజూ వడ్డించేటప్పటి గొంతుతోనే.

కాకి చేపతోక కూడా మింగి, ముక్కు గోడకి అటూ ఇటూ తుడుచుకుని, కుంటుకుంటూ వెళ్ళి పిండంలో ముక్కు పెట్టింది.

ఆ పూట భోజనాల దగ్గర నెయ్యి మాత్రం అత్తగారు నాకే ముందు వేశారు. మర్నాడు తెల్లారి నేను పెరట్లోకి వెళ్ళడానికి జంకుతుంటే, ఆవిడ అప్పటికే గోడ దగ్గర నిలబడి మూకుడులో కొత్తనీళ్ళు పోస్తున్నారు. "కాకి వచ్చే వేళయింది, రొట్టె ఏదీ" అన్నారు.

ఇప్పుడు నేను అప్పటి అత్తగారికన్నా పెద్దదాన్ని. చలికాలం వస్తే గోడమీద మెతుకులూ మూకుడూ మామూలే. రేపల్లె బస్సు కోసం వణికిపోయిన ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. మా ఆయన వసారాలో కూర్చుని పేపరు చదువుతుంటారు. ఉద్యోగంలో ఆయన కూడా నిజాంపట్నం చేపలరేవులో ఏడాది పాటు ఒంటరిగా ఉన్నారు లెండి. వెనక వీధిలో చేపలబుట్ట కేక వినిపిస్తే పేపరు తిప్పడం ఆగిపోతుంది. నేను వెళ్ళి మూకుడులో నీళ్ళు మార్చి వస్తాను.