మేనల్లుడు అడిగిన రెండో కోరిక

తాను చచ్చిపోయిన సంగతి తోలెగెన్‌కి వేలంపాటల సైట్‌లో తెలిసింది. "మా మామయ్య గుర్తు. ఆయన పోయారు. ప్రొజెక్టరు బాగా పనిచేస్తుంది. బేరాలు లేవు" అని ఉంది ఆ ప్రకటనలో. కజకిస్తాన్‌లోని కరగండాలో, తన ఇంట్లో, పాలు పోసిన టీ తాగుతూ, నిక్షేపంలా బతికుండి తన చావు కబురు తనే చదువుకున్నాడు. చదివి కప్పు కింద పెట్టబోతే సగం టీ బల్ల మీదికి ఒలికింది.

ప్రకటన కింద ఫొటో ఉంది. పిల్లలకు గోడ మీద బొమ్మల కథలు చూపించే సోవియట్ కాలపు చిన్న ఫిల్మ్ ప్రొజెక్టరు. దాని కాలి మీద చింతగింజంత మచ్చ. వైరు అతుకుతుంటే తోలెగెన్ చేతిలోంచి జారిన వేడి కమ్మి చేసిన మచ్చ అది. కన్నపిల్ల ఒంటి మీద పుట్టుమచ్చని తల్లి మరిచిపోతే ఆ మచ్చని అతను మరిచిపోతాడు. అమ్మేవాడి పేరు చూడనక్కర్లేదు, అయినా చూశాడు. ఎర్నజార్. సొంత చెల్లెలు కామ్షాత్ కొడుకు.

తోలెగెన్‌ది ఆసుపత్రిలో పళ్ల సెట్లు చేసే పని. ఊళ్లో సగంమంది ముసలివాళ్లు అతని చలవతోనే మాంసం నములుతున్నారు. పని అయ్యాక అతనికున్న లోకమంతా వెనక గదిలోని అరలే. రేడియోలు, ఫొటోలకి వెలుతురు కొలిచే మీటర్లు, కీ ఇస్తే గడ్డం గీసే యంత్రాలు. అన్నీ వేలంపాటల్లో కొన్నవే. ఆ పాటల్లో తిన్నన్ని దెబ్బలు అతను జీవితంలో ఇంకెక్కడా తినలేదు. అమ్మేవాళ్లకి తుప్పుపట్టిన మేకు కూడా "అరుదైనది". "పనిచేస్తుంది" అంటే బరువు ఉందని అర్థం. రోజంతా నోరు మెదపకుండా కూర్చుని, పాట ముగిసే చివరి క్షణంలో వచ్చి పదో పరకో ఎక్కువ వేసి ఎగరేసుకుపోయే రాబందులు వేరే. వాళ్లందరినీ తిట్టుకుంటూనే మళ్లీ కొనేవాడు. భార్య రౌషాన్ ఆ గదిని అనాథాశ్రమం అనేది.

ఈ ప్రొజెక్టరు కోసం ఏళ్ల తరబడి వెతికాడు. ప్రొజెక్టర్లకేం, బోలెడు. అతనికి కావలసింది దానితోపాటు వచ్చిన ఫిల్మ్ చుట్ట. మంచులో తప్పిపోయిన ఒంటెపిల్ల కథ, కజక్ భాషలో రాతలున్నది. చిన్నప్పుడు చలికాలంలో తల్లి గోడకు దుప్పటి కట్టి, ఆ రాతలు పైకి చదువుతుంటే, అతనూ కామ్షాతూ ఒకే బొంతలో దూరి చూసిన కథ. కామ్షాత్‌కి గుర్తు లేదట. అతనికుంది.

మా కజక్ వాళ్లలో మేనల్లుడికి మేనమామ ఇంట్లో ఒక హక్కుంది. జన్మలో మూడుసార్లు, కంటికి నచ్చిందేదైనా అడగవచ్చు, మామ కాదనకూడదు. ఇచ్చాక ఏమైందని ఆరా తీయకూడదు. మేనల్లుడి మీద చెయ్యెత్తితే ఆ చెయ్యి బతికినంతకాలం వణుకుతుందని కూడా అంటారు. పళ్లు చెక్కుకుని బతికేవాడు చేతి వణుకుతో ఆటలాడగలడా?

ఎర్నజార్‌కి ముప్పై నాలుగేళ్లు. ఫోన్లు, వాటి తొడుగులు, పాత సామాన్లు ఆ సైట్‌లోనే అమ్ముతాడు. తన ఖాతా మీద ఇంతవరకూ ఒక్క చెడ్డమాట పడలేదని కనిపించిన ప్రతివాడికీ ఫోన్ తీసి చూపిస్తాడు. పోయిన చలికాలంలో వచ్చి, అరలన్నీ కలియజూసి, మొదటి కోరికగా ప్రొజెక్టరు మీద చెయ్యి వేశాడు. "మా తోగ్జాన్ కథలు చూసుకుంటుంది, మామయ్యా" అన్నాడు. తోగ్జాన్ వాడి అయిదేళ్ల కూతురు. తోలెగెన్‌కి గుండె కలుక్కుమంది. పోనీలే, చూసేది చిన్నపిల్ల కదా అనుకున్నాడు. ఒంటెపిల్ల చుట్ట కూడా ఇచ్చి, ఎలా ఎక్కించాలో రెండుసార్లు చూపించాడు. ఎర్నజార్ ఆ రెండుసార్లూ ఫోన్ చూసుకుంటున్నాడు.

ఇదిగో, ఇప్పుడు ఇది. అమ్ముకున్నందుకు కాదు, చంపి అమ్ముకున్నందుకు మండింది తోలెగెన్‌కి. ఫోన్ చేసి నాలుగు దులపాలని చెయ్యి లాగింది. దులిపితే ఇచ్చినదాని సంగతి ఎత్తినట్టు. చెల్లెలికి చెబితే వాడి మీద చాడీ చెప్పినట్టు. మింగనూ లేడు, కక్కనూ లేడు. రౌషాన్ సంగతంతా విని, "అయితే మీరు పోయారన్నమాట. నలభయ్యో రోజు భోజనాలకి ఎంతమందిని పిలవను?" అంది.

చివరికి వాడి పాటలో తానే పాడాడు. తన సొమ్ముకి తానే ధర కట్టడంకన్నా నీచమైన పని ఇంకోటి లేదని అతనికి తెలుసు. కానీ పావ్లోదార్ నుంచి ఎవడో పోటీకి వస్తున్నాడు. ఒంటెపిల్ల పావ్లోదార్ పోతే మళ్లీ కంటపడదు.

పాట ముగిసే రోజు, సరిగ్గా అదే వేళకి, కామ్షాత్ ఇంట్లో ఆమె భర్త అరవయ్యేళ్ల విందు. ఇల్లాలి పుట్టింటి తరఫు పెద్ద కాబట్టి ఉడికించిన గొర్రె తల తెచ్చి తోలెగెన్ ముందే పెట్టారు. అంతకు మించిన గౌరవం మా దగ్గర లేదు. ఆ గౌరవమే అతని పీకలమీదికి తెచ్చింది. కుడిచేత్తో కత్తి పట్టి తల కోయాలి, అందరికీ పంచాలి. ఎడమచేత్తో బల్లగుడ్డ కింద ఫోన్ నొక్కాలి. రెండు చేతులకూ కొవ్వే. వేలు జారి ఒకసారి అనుకున్నదానికన్నా రెట్టింపు పాడేశాడు.

ఎదురుగా ఎర్నజార్ కూర్చుని తన ఫోన్ చూసుకుంటూ ముసిముసిగా నవ్వుతున్నాడు. పక్కనున్నవాడి చెవిలో వాడు అన్నమాట బల్ల ఇవతలికి వినబడింది.

"పాత డొక్కుకి ఎవడో పిచ్చివాడు దొరికాడు రా. ఎంతైనా పెట్టేస్తున్నాడు."

తోలెగెన్ గొర్రె చెవి కోశాడు. చెవి చిన్నవాళ్లకివ్వడం ఆచారం, పెద్దల మాట వింటారని. ఆ ముక్కని బల్ల మీదుగా చాపి మేనల్లుడికిచ్చాడు. "తిను. బాగా నమిలి తిను" అన్నాడు. ఎర్నజార్ కళ్లు ఫోన్ మీదే ఉంచి నోట్లో వేసుకున్నాడు. ఆ క్షణానే పాట ముగిసింది. పిచ్చివాడు గెలిచాడు. పదిహేను రోజుల జీతం పోయింది.

ఇక్కడే తోలెగెన్ ఒక ఆశ పెట్టుకున్నాడు. కొన్నవాడి పేరు, చిరునామా పార్సెల్ మీద పడతాయి కదా. తన పేరు చూడగానే వాడికి తల తిరుగుతుంది, ఫోన్ చేస్తాడు, మామయ్యా తప్పయిపోయిందంటాడు. అంటే చాలు. డబ్బు కూడా అడగనవసరం లేదు. రోజూ ఫోన్ జేబులో కాక చేతిలోనే పట్టుకుని తిరిగాడు. ఫోన్ రాలేదు. పార్సెల్ వచ్చింది. సైట్ వాళ్లు అచ్చువేసి ఇచ్చిన చిరునామా కాగితాన్ని, మీదున్న పేరైనా చదవకుండా, వంకరగా అతికించి పంపేశాడు మేనల్లుడు. తల్లి పుట్టింటి పేరు!

విప్పి చూస్తే ఇంకా ఉంది. చుట్టింది ఒక్క పొర వార్తాపత్రిక. బల్బు ముక్కలై లోపల గలగలమంటోంది. ఫిల్మ్ చుట్ట మీదికి కనీసం ఒక సంచి కూడా లేదు. తోలెగెన్ అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడే ఫోన్‌లో సైట్ అడిగింది: అమ్మినవారి గురించి మీ అభిప్రాయం రాయండి, అయిదుకి ఎన్ని స్టార్లు ఇస్తారు?

ఆ ప్రశ్న చూసి తోలెగెన్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మేనమామకి నోరు లేదు. సరే. కొన్నవాడికి ఉంది కదా! డబ్బు పోసి కొన్నవాడి నోరు ఏ ఆచారమూ కట్టేయలేదు. ఒకే ఒక్క స్టార్ నొక్కాడు. కింద ఇలా రాశాడు: "ప్యాకింగ్ దరిద్రం. బల్బు పగిలింది. ప్రకటనలో అబద్ధం ఉంది. అమ్మినవారి మేనమామ పోలేదు. ఆయన్ని నేను రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తున్నాను."

గంట తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. మొదట కామ్షాత్. ఏడుస్తోంది. వందకి వంద ఉన్న బిడ్డ ఖాతా పడిపోయిందట, ఆ మాటలు దేశమంతా చదివి నవ్వుతోందట, వాడికి అన్నం సయించడం లేదట. తరవాత బల్ఖాష్‌లో ఉన్న పినతండ్రి. ఇంటి గొడవ వీధిలో పెట్టడం పెద్దమనిషి చేసే పనేనా అని. ఆ తరవాత విందులో ఎవరి పక్కన కూర్చున్నాడో కూడా గుర్తులేని వియ్యంకుల తమ్ముడు.

తోలెగెన్ కోపం తట్టుకోలేక వెనక గదిలో పచార్లు చేశాడు. మనిషిని బతికుండగానే చంపేసి సంతలో పెట్టి అమ్మితే ఒక్కడికీ నిద్ర చెడలేదు. ఒక్క స్టార్ పడేసరికి వంశమంతా లేచి కూర్చుంది. మామ చచ్చిపోతే పరవాలేదు, మేనల్లుడి ఖాతా మాత్రం బతికుండాలి. ఏ మనుషులు వీళ్లు? ఏ రక్తం వీళ్లది?

ఆదివారం తల్లీకొడుకులు వస్తున్నామని కబురు పంపారు. ఆ మాట వినగానే కోపంలోనే అతనికి ఏదో మెత్తబడింది. ఎందుకొస్తారు? వాడికి సిగ్గేసింది, అందుకే. ప్రొజెక్టరు మళ్లీ కావాలని అడుగుతాడు, కూతురి కోసం. అడిగితే ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాడు. మూడు కోరికల లెక్కలో కూడా వేయకూడదు. కొత్త బల్బు వేశాడు, అద్దం తుడిచాడు, ఒంటెపిల్ల చుట్ట ఎక్కించాడు. ఉన్ని కంబళిలో చుట్టి పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట ఉంచాడు. నూనెలో బౌర్సాక్ రొట్టెముక్కలు వేయిస్తున్న రౌషాన్ వంటింట్లోంచి అదంతా చూసింది కానీ వేళాకోళం చేయలేదు.

వచ్చారు. టీ పోశారు. కామ్షాత్ వాతావరణం గురించి మాట్లాడింది. ఎర్నజార్ రెండు బౌర్సాక్‌లు తిని, గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యా, ఒకటి అడుగుతాను. కాదనకూడదు."

తోలెగెన్ చూపు దానంతటదే పెట్టె వైపు పోయింది. "అమ్మేవాడిగా అడుగుతున్నావా, మేనల్లుడిగానా?" అన్నాడు. గొంతు గరుగ్గా ఉండాలనుకున్నాడు కానీ లేదు.

"మేనల్లుడిగానే మామయ్యా. నాకింకా రెండు ఉన్నాయి కదా."

"ఉన్నాయి. అడుగు."

"ఆ స్టార్ తీసెయ్యి."

అడగవలసింది ఇంకేదైనా ఉందేమోనని తోలెగెన్ మేనల్లుడి మొహంలోకి చూశాడు. లేదు. వాడు తన ఫోన్ తీసి, ఎక్కడ నొక్కాలో చూపించడానికి ముందుకు వంగాడు. చెల్లెలి బిడ్డ ఎన్నటికీ పుట్టింట్లో పరాయివాడు కాకూడదని తాతముత్తాతలు పెట్టిన హక్కు అది. గుర్రాన్ని అడిగినవాళ్లున్నారు, వేటడేగని అడిగినవాళ్లున్నారు. వీడేమో, మామ రాసిన మాట చెరపమని అడిగాడు. తోలెగెన్ తన ఫోన్ తనే తీసుకుని, వాడు చూపించకుండానే, నొక్కాడు. స్టార్ పోయింది. కామ్షాత్ అన్నగారి మంచితనాన్ని తలుచుకుని కళ్లు తుడుచుకుంది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఎర్నజార్ బూట్ల కోసం వెతికాడు. పెట్టె అడ్డంగా ఉంది. కాలితో పక్కకి నెట్టాడు.

"ఏంటి మామయ్యా, మళ్లీ వేలంలో ఏదో కొన్నట్టున్నావ్?"

"కొన్నాను," అన్నాడు తోలెగెన్. "పోయినవాడి సామాను."

"మంచి పని చేశావ్. అలాంటివే చవగ్గా వస్తాయి," అని మేనల్లుడు బూటు లేసు ముడేసుకుని మెట్లు దిగాడు.

తోలెగెన్ తలుపు వేయబోయాడు. గడియ పడలేదు. రౌషాన్ వచ్చి అతని చేతి మీద చెయ్యి వేసి తానే గడియ పెట్టింది. వాడి మీద ఏనాడూ ఎత్తని ఆ చెయ్యి వణుకుతోంది.