గవర్న్ అంటే చుక్కాని పట్టడమట

మేం షాలిమార్‌లో చిన్నపిల్లలుగా ఉన్న రోజుల్లో... చలికాలం పొద్దున్నే ఘాట్‌కి వెళితే హుగ్లీ నది కనిపించేది కాదు. అంతా పొగమంచే. అందులోంచి ముందు గంట చప్పుడు వచ్చేది, ఆ తర్వాత లాంచీ వచ్చేది.

మా అయ్య ఆ లాంచీకి సుకానీ. అంటే చక్రం పట్టే మనిషి. శ్రీకాకుళం వైపు సముద్రంలో తెప్ప వేసినవాడు, పొట్ట చేత పట్టుకుని ఇక్కడికొచ్చి నదిలో జనాన్ని దాటించేవాడు. నా బడి అవతలి ఒడ్డున. రోజూ ఆయన పక్కనే నిలబడి వెళ్లేదాన్ని. దారిపొడుగునా వాగుతూనే ఉండేదాన్ని.

ఆరో తరగతిలో మా ఇంగ్లీషు టీచరమ్మ, దిదిమొణి అనేవాళ్లం, బోర్డు మీద 'గవర్న్' అని రాసింది. పరిపాలించడం అని అందరం ఒకేసారి చెప్పేశాం. అప్పట్లో ఊళ్లో ఏ గోడ చూసినా సర్కారు గురించిన ఎర్ర రాతలే మరి...

"అది తర్వాత వచ్చిన అర్థం. మొదట అది పడవవాళ్ల మాట" అందావిడ.

చుక్కాని పట్టి నడపడాన్ని గ్రీకువాళ్లు 'కుబెర్నాన్' అన్నారట. రోమన్ల నోట అది 'గుబెర్నారే' అయ్యింది. ఫ్రెంచివాళ్ల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి పడవ పోయి రాజ్యం మిగిలింది. అదుపులో ఉంచడం అనే అర్థం కూడా ఉందట. ఇంజను వేగం మితిమీరకుండా చూసే భాగాన్ని గవర్నర్ అనేది అందుకేనట. మా అయ్యది అంత గొప్ప పనా అని ఎంత పొంగిపోయానో!

ఆవిడ అక్కడితో ఆపలేదు. "పడవని కదిపేది గాలి, తెడ్డు. చుక్కాని పట్టినవాడి పనల్లా దారి చూడడమే. వెనక కూర్చున్నవాళ్లంతా తమ కళ్లు అతనికి అప్పగించి కూర్చుంటారు" అంది.

నాకు అయ్య రోజూ అడిగే మాట గుర్తొచ్చింది.

నెల్లాళ్లుగా అయ్య నన్ను "ముందరేటుంది, నూకాలూ?" అని అడుగుతున్నాడు. ఎడమ పక్క పడవుంది అంటే చక్రం కుడికి తిప్పేవాడు. నాతో ఆడుతున్నాడనుకున్నాను. ఇంట్లో కంచంలో కూర ఎక్కడుందో వేళ్లతో వెతుక్కోవడం కూడా చూశాను... చూసి ఊరుకున్నాను. నాకు జ్వరమొచ్చి బడి మానిన రోజుల్లో ఆయనకి ఎవరు చెప్పారో మరి.

ఆ సాయంత్రం అడిగేశాను. "అయ్యా, నీకు కళ్లు ఆనట్లేదు కదా?"

అయ్య తలుపు దగ్గరికి వేశాడు. "ఎవులకీ సెప్పకు. తెలిస్తే పని నుంచి తీసేస్తారు. మరి మనమేటి తింటాం?" అన్నాడు.

మూడు రోజులు నాకు అన్నం దిగలేదు. నాలుగో రోజు లాంచీలో ఒకామె పసిబిడ్డని ఒళ్లో పెట్టుకుని, మా వైపు వీపు పెట్టి కునికిపాట్లు పడుతోంది. అవతల దిగగానే ఘాట్ ఆఫీసుకి వెళ్లి, అక్కడున్న గుమాస్తా బాబుతో చెప్పేశాను. వారం తిరక్కుండా అయ్యకి కంటి పరీక్ష పెట్టారు. పని పోయింది. అమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమడానికి కుదురుకుంది. ఎవరు చెప్పారని అయ్య ఒక్కసారి కూడా అడగలేదు. నేను ఆయన ముఖం చూడలేక, ఆయన ఉన్న గదిలోకి వెళ్లడం మానేశాను.

ఆ చలికాలం సెలవుల్లోనే మొదలైంది అది...

మంచు పడిన పొద్దున్న అయ్య గుమ్మంలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. చేతులు రెండూ గాల్లోకి లేచేవి. లేని చక్రాన్ని తిప్పేవి. అలవాటు పోలేదు పాపం అనుకున్నాను. తర్వాత గమనించాను... ఆయన చేతులు తిరిగిన కాసేపటికి నది మీంచి లాంచీ కూత వినిపించేది. ఎప్పుడూ ముందు చేతులే. కూత తర్వాత. అమ్మతో చెబితే, గాలి సోకిందేమోనని ఉప్పు దిష్టి తీసింది.

ఒకరోజు ఆ చేతులు ఉన్నట్టుండి కుడికి లాగేశాయి. మెడ నరాలు ఉబ్బిపోయాయి. అంత చలిలోనూ ఒళ్లంతా చెమట. అలాగే పక్కకి ఒరిగిపోయాడు. నది మీంచి పొడుగాటి కూత ఒకటి వచ్చింది... ఇంక ఏమీ వినిపించలేదు. నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. కాసేపటికి ఆయనే లేచి కూర్చున్నాడు.

మధ్యాహ్నం బాదల్ వచ్చాడు. అయ్య స్థానంలో చక్రం పట్టిన బెంగాలీ కుర్రాడు. వస్తూనే అయ్య కాళ్ల మీద పడ్డాడు.

"కాకా, మంచులోంచి బొగ్గు పడవ మీదికొచ్చేసింది. నేను ఎడమకి తిప్పబోయాను. చక్రం కుడికి లాక్కుపోయింది. నా చేతుల మీద ఎవరివో చేతులున్నాయి కాకా. కాయలు కాసిన చేతులు."

"జనానికేటీ కానేదు కదా?" అన్నాడు అయ్య.

"ఏం కాలేదు."

"మరైతే సరే. టీ తాగెల్లు."

అతను వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచాడు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయన అరచేతులు కమిలి, ఎర్రగా, వేడిగా ఉన్నాయి.

"నువ్వే సెప్పావని ఆరోజే తెలుసు నాకు. నెల్లాళ్లు అంతమందినీ గుడ్డిగా దాటించాను, ఆపడానికి ధైర్నం నేకపోయింది. ఆ పని నువ్వు సేసావు. మరింక నన్ను తప్పించుకు తిరక్కే, తల్లీ."

ఆ రోజు ఏడ్చినంతగా ఆయన పోయినప్పుడు కూడా ఏడవలేదు నేను.

ఇప్పుడు హుగ్లీ మీద ఇంకో వంతెన వచ్చింది. నది కిందనుంచి రైలు కూడా వెళుతోంది. నేనూ ఎక్కుతాను, అందరిలాగే ఫోను చూసుకుంటూ. ముందర నడుపుతున్నదెవరో ఎవరికీ తెలియదు... వాళ్లకి కళ్లు ఆనుతున్నాయో లేదో చెప్పే పిల్లలు ఇంట్లో ఉన్నారో లేదో.

మీ ఇంట్లోవాళ్ల గురించి బయట నిజం చెప్పేసి, ఆ తర్వాత వాళ్ల ముఖం చూడలేకపోయిన రోజు మీకూ ఉందా? ఉంటే కింద రాయండి... పేరు పెట్టకపోయినా పర్లేదు.