చెట్టు చాటు దూడ

మా శాంటా క్లారాలో ఎవరు ఏం కొన్నా బాలమణక్కకి కడుపుమంట. పెళ్లికి ముందు పుట్టింట్లో ఏడు ఆవుల పాలు పితికిన మనిషి. 1983లో నేను ఇంగ్లండుది, నూరేళ్లనాటి ఆయిల్ పెయింటింగ్ కొన్నాను. పచ్చిక, వాగు, చెట్టు కింద ఆవు పాలు పితికే పడుచు.

చూడగానే అక్క మూతి తిప్పింది. “దూడ లేకుండా ఆవు పాలు చేపుతుందా జయంతీ? నీకెవడో డూప్లికేట్ అంటగట్టాడు.”

నమ్మాను. సిగ్గుపడి గరాజ్ సేల్‌లో పెట్టేశాను. ఫ్రేమ్ బాగుందంటూ అక్కే పట్టుకుపోయింది.

ఆ నెలాఖరున వాళ్లింటికి వెళ్తే, హాల్లో గోడమీద ఆ ఫ్రేమ్, అందులో అదే బొమ్మ! నేను అలా చూస్తుండిపోతే, అక్క కూతురు రేణు పరుగెత్తుకొచ్చింది.

“ఆంటీ, దూడ ట్రీ వెనక ఉంది. మీ ఇంట్లోనే అమ్మ నాకు చూపించింది.”